కళ బతకాలంటే కర్ర కావాలి

2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక లక్కబొమ్మలు ఊరేగాయి. అంతకు రెండేళ్ల ముందు ఆ ఊరి సి.వి.రాజుకు పద్మశ్రీ వచ్చింది. చేనేత ఊరు భూదాన్ పోచంపల్లి 2021లోనే ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఎంచిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేరింది. ఇవన్నీ చూసి మన చేతివృత్తులకు మళ్లీ మంచిరోజులు వచ్చాయని సంబరపడతాం. సంబరపడాల్సిందే. కానీ గుర్తింపు వచ్చింది కాబట్టి కళ నిలబడిందనుకుంటే పొరపాటు. అమ్మకం సంగతి తర్వాత, ముందు పని జరిగే చోట ఏదో ఒక చిక్కుముడి విడిపోయింది కాబట్టే ఇవి నిలబడ్డాయి.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకనే చూద్దాం. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ ఉలితో బొమ్మ ఆకారం తీస్తారు. తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్క ముక్కను ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. రసాయన రంగులొచ్చి ఈ పనిని సులువు చేశాయి గానీ, పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులో సీసం ఉంటే ఏ తల్లి కొంటుంది? పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటి నుంచి రంగు తీసి, అది లక్కలో కలిసి నిలిచేలా చేయడానికి రాజు ఏళ్ల తరబడి శ్రమించారు. ఆ రంగు కుదిరాకే బజారు కుదిరింది. పోచంపల్లి చీర వెనకా ఇలాంటి కథే ఉంది. చిటికీ కట్టే ముందు, అంటే రంగు అంటకూడని చోట్ల నూలును ముడులుగా బిగించే ముందు, దాన్ని ఆసు అనే మేకుల చట్రం మీద పోయాలి. ఒక్క చీరకు ఆడవాళ్లు గంటల తరబడి, కొన్ని వేలసార్లు చెయ్యి ఆడించేవాళ్లు. భుజాలు పడిపోయేవి. తల్లి పడే ఆ నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసి, దానికి ఆమె పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

యంత్రం దూరాక అది చేతిపని ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. ఎందుకంటే మరమగ్గం చేసిన చేటు మనకు తెలుసు. అయితే ఆసు యంత్రం లాక్కున్నది నేర్పును కాదు, భుజాల నొప్పిని. డిజైన్ లెక్కగట్టడం, చిటికీ కట్టడం, రంగు అద్దడం, నేయడం అన్నీ మనిషి చేతిలోనే ఉన్నాయి. నకిలీల మాటకొస్తే భౌగోళిక గుర్తింపు ఉంది కదా అనేది మరో వాదన. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. గుడ్డ మీద కలంకారీ నమూనాను స్క్రీన్ ప్రింట్ వేసి సగం ధరకు అమ్మేవాణ్ని దారికి తేవాలంటే ఫిర్యాదు చేసి తిరగాల్సింది ఎవరు? కరక్కాయ, గేదెపాలలో గుడ్డ నానబెట్టి, ఇనుప తుక్కునూ బెల్లాన్నీ రోజుల తరబడి ఊరబెట్టి నల్లరంగు చేసుకునే శ్రీకాళహస్తి కళాకారుడికి అంత తీరిక, అంత డబ్బు ఎక్కడివి?

కొత్త వాడకాలు కళను పలుచన చేస్తాయన్న అభ్యంతరంలో మాత్రం నిజముంది. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే చేతులు ఇప్పుడు దీపపు తొడుగులూ చేస్తున్నాయి. తోలు మీద గీత, రంధ్రం, రంగు బతికాయి. రాత్రంతా రామాయణం పాడే గొంతుకు మాత్రం ఆ సంపాదనలో వాటా లేదు. తోలుబొమ్మలాటను కొనేది ఊరు, తొడుగును కొనేది ఇల్లు. ఊళ్లు ఆటలు ఆడించడం మానేశాక బొమ్మను దీపానికి తొడగొద్దని కళాకారుడికి చెప్పే హక్కు మనకు లేదు. ఆటకు విడిగా పోషణ కావాలి.

ఇన్ని చిక్కులు విడిపోయినా ముడిసరుకు చిక్కు మిగిలే ఉంది. ఏటికొప్పాకకు అంకుడు కర్ర, కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కర్ర దొరకడం కష్టమవుతూనే ఉంది. బహుమతిగా ఇవ్వడానికి ప్రభుత్వాలు బొమ్మలు కొంటున్నాయి, మంచిదే. అదే ప్రభుత్వాల చేతిలో అటవీ శాఖ కూడా ఉంది. చెట్టు పెరగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆ ఊళ్ల చుట్టుపక్కల భూముల్లో అంకుడు, పొణికి మొక్కలు నాటి, నరికే హక్కు కళాకారుల సంఘాలకు రాతపూర్వకంగా ఇవ్వడం ఈ వానాకాలంలోనే మొదలుపెట్టాలి.