పిల్లకాలువ ఎన్నాళ్ళు పారుతుంది?

పిల్లలూ! ఆత్మకూరు దగ్గర జూరాల కాలువ కింద సేద్యం చేసే రైతును, "పెద్దయ్యా, ఈసారి ఏ వడ్లు ఏస్తవు?" అని అడిగి చూడండి. "ముందుగాల కాలువ ఎన్ని దినాలు పారుతదో చెప్పు" అంటాడు. 120 రోజులు పారే కాలువ కింద 150 రోజుల సాంబ మసూరి వేస్తే, గింజ పాలు పోసుకునే వేళకు మడి ఎండిపోతుంది కదా!

కంప్యూటర్ల లోకంలోనూ ఇదే చిక్కు ఉంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్‌కు ఇతర ప్రోగ్రాములు చేర్చి కట్టిన మూటను 'పంపిణీ' అంటారు. డెబియన్ అలాంటి పెద్ద పంపిణీ. మన దేశపు సి-డాక్ సంస్థ తయారుచేసిన 'బాస్' దాని మీద ఆధారపడిన చిన్న పంపిణీ. అంటే పెద్ద కాలువలోంచి తీసిన పిల్లకాలువ అన్నమాట.

కాలువకు గండ్లు పడినట్టే ప్రోగ్రాములలోనూ లోపాలు బయటపడుతుంటాయి. వాటిని పూడ్చకపోతే దొంగలు దూరతారు. పూడ్చే పనిలో ఎక్కువ భాగం పెద్ద పంపిణీవారే చేస్తారు. అయితే ఎంతకాలం? డెబియన్ ఒక్కొక్క విడుదలకు 3 ఏళ్ళు, ఆపైన వేరొక బృందం 2 ఏళ్ళు, వెరసి 5 ఏళ్ళు. కొత్త విడుదల సుమారు రెండేళ్ళకొకటి వస్తుంది. 12వది 2023 జూన్‌లో, 13వది 2025 ఆగస్టులో వచ్చాయి.

ఇప్పుడు మీరు నలుగురు మిత్రులు కలిసి బళ్ళ కోసం ఒక తెలుగు పంపిణీ తయారు చేస్తున్నారనుకోండి. ప్రతి విడుదలనూ అనుసరిస్తే, తెలుగు అక్షరాలు, కీబోర్డు, పాఠాల ప్రోగ్రాములు అన్నీ రెండేళ్ళకోసారి మళ్ళీ పరీక్షించాలి. నలుగురికి అది తలకు మించిన పని. ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే నాలుగేళ్ళకోసారి చాలు. 5 − 4 = 1. బళ్ళన్నిటిలో మార్చడానికి ఒక ఏడాది గడువు మిగులుతుంది. రెండు విడిచిపెడితే? ఆరేళ్ళు! చివరి ఏడాది గండ్లు పూడ్చేవారుండరు.

అయితే రెండు జాగ్రత్తలు. 12 నుంచి 14కు ఒక్కసారిగా దూకరాదు, 13 మీదుగా పోవాలి. అలాగే, కొత్తగా కొన్న కంప్యూటరు భాగాలను పాత విడుదల గుర్తించలేకపోవచ్చు.

ఇచ్చిన మాట నిలుస్తుందా అని కూడా చూడాలి. సెంటాస్ 8 అనే పంపిణీకి 2029 వరకు గడువు అన్నారు. 2020 డిసెంబరులో, 2021 చివరికే ఆపేస్తామని ప్రకటించారు! దాన్ని నమ్ముకున్నవారు పరుగున వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది.

ఇక మీకొక లెక్క. 14వ విడుదల 2027 జూన్‌లో వస్తుందనుకుందాం. 12వది వాడుతున్న బడికి మారడానికి ఎన్ని నెలల గడువుంటుంది? రైతు పెద్దయ్యలాగా ముందే లెక్క కట్టండి!