నిషేధం సరే, నిజం తెలిసేదెలా?

డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించే బిల్లు 2025 ఆగస్టు 20న లోక్‌సభ ముందుకు వచ్చి, గందరగోళం నడుమ ఆనాడే నెగ్గింది. మరునాడు రాజ్యసభ సరేనన్నది. ఆడించేవారికి మూడేళ్ల వరకు ఖైదు. ఆడినవారికి శిక్ష లేదు. ఏటా 45 కోట్లమంది సుమారు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వపు అంచనా.

తెలంగాణ 2017లోనూ, ఆంధ్ర 2020లోనూ నిషేధించినా జూదం ఆగలేదు. 2020లో చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ అండమానుకు చేరింది. ఇప్పుడు మిన్నీ బే కుర్రవానికీ, కాకినాడ కుర్రవానికీ పందెం చేతిదూరమే. ఏ వయసున మొదలవుతున్నది? అప్పెవరిస్తున్నారు? మానలేనివారెవరు? రెండు దినాల తంతులో ఈ ప్రశ్నలకు చోటెక్కడిది? పరిశోధన లేని నిషేధం చీకటిలో విసిరిన రాయేనని నా అభిప్రాయం.