వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేది కాదు

"మొన్ననే వందేళ్ల వరద వచ్చిపోయింది కదా, ఇంక మనకి భయం లేదు కదా సార్?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఈరోజు ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెడదాం.

వందేళ్ల వరద అంటే, ఏ సంవత్సరమైనా అంత వరద గానీ అంతకు మించిన వరద గానీ రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉందని అర్థం. పోయినేడు వచ్చినా, ఈ ఏడు మళ్లీ అదే ఒక వంతు. వరదకి క్యాలెండర్ తెలియదు కదండీ! 50 ఏళ్లు నిలవాల్సిన వంతెనను ఈ వరదకే కడితే, ఆ 50 ఏళ్లలో ఒక్కసారైనా అది మించిపోయే అవకాశం లెక్కేస్తే దాదాపు 39 శాతం. చిన్న సంఖ్య కాదు.

మరి ఎంత నీరు వస్తుందో ఎలా తెలుస్తుంది? నేను ఏ వాగు దగ్గరికి వెళ్లినా ముందు ఊళ్లో పెద్దవాళ్లను అడుగుతాను, "ఎప్పుడైనా నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి తాతా?" అని. ఆయన చూపించిన గుర్తు ఎత్తు, వాగు అడ్డుకోత, వాలు తెలిస్తే ఆనాటి ప్రవాహం సుమారుగా లెక్కకట్టొచ్చు.

రెండోది సూత్రాలు. మద్రాసు ప్రాంతం కోసం 1884లో వచ్చిన రైవ్స్ సూత్రం మనవాళ్లు ఇప్పటికీ వాడతారు. పరీవాహక ప్రాంతం 27 చదరపు కిలోమీటర్లు అనుకోండి. దాని ఘనమూలం 3, దాని వర్గం 9. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు అయితే గుణకం 6.8. రెండూ గుణిస్తే సెకనుకి 61 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 2,160 క్యూసెక్కులు. సులువుగా ఉంది కదా? కానీ గమనించండి, ఇందులో వాన ఎంత కురిసిందన్నదే లేదు! ఎన్నేళ్ల వరదో కూడా చెప్పదు. చిన్న కల్వర్టుకి అంచనాగా సరే, డ్యామ్‌కి మాత్రం చాలదు.

ఎందుకంటే లెక్క తప్పితే ఏమవుతుందో గుజరాత్‌లోని మోర్బీ చూసింది. మచ్ఛు-2 డ్యామ్ స్పిల్‌వేని సెకనుకి 5,663 ఘనపు మీటర్లకి కట్టారు. 1979 ఆగస్టు 11న వచ్చింది సుమారు 16,307. దాదాపు మూడు రెట్లు! నీళ్లు కట్ట మీదుగా పొర్లాయి. మధ్యలో రాతికట్టడం నిలబడింది గానీ రెండు పక్కలా మట్టికట్టలు కొట్టుకుపోయాయి. దిగువన ఉన్న ఊరు మునిగిపోయింది. తర్వాత తిరిగి కట్టినప్పుడు స్పిల్‌వేని దాదాపు 21,000కి పెంచారు.

అందుకే "ఇప్పటిదాకా ఎంత వచ్చింది" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. "కట్ట తెగితే కింద ఎవరున్నారు" అని కూడా అడగాలి. మన దేశ ప్రమాణాల్లో చిన్న డ్యామ్‌కి వందేళ్ల వరద చాలు. నిల్వ 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటినా, నీటి ఎత్తు 30 మీటర్లు దాటినా గరిష్ఠ సంభావ్య వరద తీసుకోవాలి. అంటే ఆ ప్రాంతపు అతిపెద్ద తుఫాను వానను, గాలిలో తేమ నిండుగా ఉంటే ఎంత కురిసేదో అంతకి పెంచి, ఆ నీళ్లన్నీ నదిలోకి ఎలా చేరతాయో లెక్కించడం. గోదావరిలో 1986లో ధవళేశ్వరం దగ్గర వచ్చిన వరద సుమారు 35 లక్షల క్యూసెక్కులు. పోలవరం స్పిల్‌వే మాత్రం 50 లక్షలకి డిజైన్ చేశారు. ఆ తేడా వృథా ఖర్చు అనుకునేవాళ్లు ఒక్కసారి మోర్బీని గుర్తు చేసుకోవాలి.

వాన పడ్డాక నీళ్లు ఎన్ని గంటలకి నదికి చేరతాయో చెప్పే యూనిట్ హైడ్రోగ్రాఫ్ గురించి వచ్చే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం. అప్పటిదాకా మీ ఊరి వాగులో పాత వరద గుర్తు ఎక్కడుందో ఒకసారి పెద్దవాళ్లను అడిగి చూడండి. ఉంటానండి.