రెండు సూట్‌కేసుల నిండా బొమ్మలు

రంగులు మనసుకు మందని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే, నాజీల చెరలో ఒక టీచరమ్మ నడిపిన డ్రాయింగ్ క్లాసు గురించి తెలుసుకోవాలి.

1945 ఆగస్టు నెలాఖరు. ఐరోపాలో యుద్ధం ముగిసి మూడు నెలలు దాటింది. విల్లీ గ్రోగ్ అనే వ్యక్తి ప్రాగ్ నగరంలోని యూదు సంఘానికి రెండు సూట్‌కేసులు తెచ్చి అప్పగించాడు. వాటిలో బట్టలు లేవు, నగలు లేవు. ఉన్నవన్నీ పిల్లలు గీసిన బొమ్మలే. దాదాపు 4,500.

ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్ ఇచ్చిన అంశం ‘ఆర్ట్ థెరపీ’. శుక్రవారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లాలి. నిజం చెప్పాలంటే ఈ అంశం మీద నాకు మొదటి నుంచీ కాస్త అనుమానమే. పుస్తకాల షాపుల్లో పెద్దవాళ్ల కలరింగ్ పుస్తకాల అట్టల మీద ‘థెరపీ’ అని ఉంటుంది. కెఫేల్లో శని, ఆదివారాల వర్క్‌షాపుల బోర్డుల మీదా అదే మాట. కాఫీ, కేకు, కాన్వాసు, కొంచెం మనశ్శాంతి... అన్నీ ఒకే టికెట్టు మీద. ఇదంతా ఎక్కడ మొదలైందని పాత సంగతులు తిరగేస్తూ పోతే ఈ సూట్‌కేసుల దగ్గర ఆగిపోయాను. కాబట్టి కథనంలో సగానికి పైగా వీటి గురించే ఉంటుంది.

ఆ బొమ్మలు వేసింది టెరెజిన్‌లోని పిల్లలు. ప్రాగ్‌కు ఉత్తరాన, పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన కోట ఊరు అది. 1941 నవంబరులో నాజీలు దాన్ని యూదుల నిర్బంధ శిబిరంగా మార్చారు. లక్షా నలభై వేలకు పైగా మందిని అక్కడికి తరలించారు. వాళ్లలో సుమారు 33 వేల మంది ఆకలికీ రోగాలకూ అక్కడే చనిపోయారు. మరో 88 వేల మందిని తూర్పున ఉన్న హత్యా శిబిరాలకు రైళ్లలో పంపేశారు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, ఎక్కువమందిని ప్రత్యేకమైన ఇళ్లలో ఉంచేవారు. మూడంతస్తుల చెక్క మంచాలు, ఒక్కో గదిలో ఇరవై ముప్పై మంది. చదువు చెప్పడం నిషేధం. బొమ్మలు వేయించడం, పాటలు పాడించడం వరకు అధికారులు చూసీచూడనట్టు వదిలేసేవారు. ఆ కాస్త సందులోంచే మన టీచరమ్మ ఫ్రీడల్ డికర్ బ్రాండెయిస్ లోపలికి వచ్చింది.

ఫ్రీడల్ 1898లో వియన్నాలో పుట్టింది. చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రి స్టేషనరీ దుకాణంలో పనిచేసేవాడు. పెద్దయ్యాక జర్మనీలోని వైమార్ వెళ్లి, అప్పుడే తెరిచిన బౌహౌస్ కళాశాలలో యోహానెస్ ఇట్టెన్ వంటి గురువుల దగ్గర నేర్చుకుంది. చిత్రాలతో ఆగలేదు. కుర్చీలు, బట్టలు, నాటకాలకు రంగస్థల అలంకరణ, చివరికి వియన్నాలో ఒక మాంటిస్సోరి బడి లోపలి అమరిక కూడా ఆమె చేతి మీదుగా వచ్చాయి. కమ్యూనిస్టు కార్యకలాపాల వల్ల 1934లో అరెస్టయింది. బయటికొచ్చాక ప్రాగ్ చేరి, జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాల పిల్లలకు బొమ్మలు నేర్పింది. వేరే దేశానికి వెళ్లిపోయే అవకాశం వచ్చినా, భర్త పావెల్‌ను వదిలి వెళ్లలేక ఉండిపోయింది.

1942 డిసెంబరులో ఆ దంపతులను టెరెజిన్‌కు తరలించారు. మనిషికి 50 కిలోల సామాను. అలాంటప్పుడు ఎవరైనా ఏం సర్దుకుంటారు? స్వెట్టర్లు, దుప్పట్లు, పప్పూ ఉప్పూ. ఫ్రీడల్ మాత్రం వీలైనంత మేర కాగితాలు, రంగులే కుక్కుకుంది. పిల్లలకు అవే అవసరపడతాయని ఆమె లెక్క.

తెచ్చుకున్నవి ఎన్నాళ్లు వస్తాయి? అయిపోయాక ఆఫీసుల్లో పారేసిన ఫారాలు, వాడేసిన లెడ్జరు కాగితాలు, పొట్లాలు కట్టే కాగితం, ఏది దొరికితే దాని మీద గీయించింది. రంగులు కరువైనచోట కాగితాలనే చించి అతికించి బొమ్మలు చేయించింది. ఈ అతుకుల బొమ్మల దగ్గర నేను చాలాసేపు ఆగాను. కొన్నిటిలో కొండలు, చెట్లు, ఇళ్లు కనిపిస్తాయి. వాటి సందుల్లోంచి ఏదో పాత ఆఫీసు ఫారం గడులు, నిలువు అడ్డ గీతలు బయటపడుతుంటాయి. మనుషుల లెక్కలు రాసుకునే కాగితం మీద ఒక చిన్నపిల్ల కొండను నిలబెట్టిందన్నమాట.

ఆమె పాఠం చెప్పే పద్ధతి కూడా మనం డ్రాయింగ్ క్లాసు అనుకునేది కాదు. మొదట చేతులు వదులు చేయించేది. ఇట్టెన్ దగ్గర నేర్చుకున్న పద్ధతిలో దరువుకు తగ్గట్టు గీతలు గీయమనేది. వేగం మారితే గీత మారాలి. తర్వాత ఎదురుగా ఒక వస్తువు పెట్టి గీయమనేది, లేకపోతే పాత చిత్రకారుల బొమ్మలు చూపించి వాటిని తమ తీరులో మళ్లీ కట్టమనేది. ‘నీ బాధ గీయి’ అనడం ఆమె పద్ధతిలో లేదు. అందుకే ఆ సూట్‌కేసుల్లో పూలు, సీతాకోకలు, ఇంటి వంటగదులు, ప్రయాణాలే ఎక్కువ. మూడంతస్తుల మంచాలూ ఉన్నాయి, తిండి కోసం నిలబడ్డ వరుసలూ ఉన్నాయి. పిల్లలు ఏది గీస్తే అది.

1943 వేసవిలో శిబిరంలోని సాటి ఉపాధ్యాయుల కోసం పిల్లల బొమ్మల మీద ఆమె ఒక ప్రసంగం రాసుకుంది. దాని పాఠం మిగిలింది. పిల్లలను చిత్రకారులను చేయడం తన పని కాదని అందులో తేల్చి చెప్పింది. పెద్దవాళ్లు తమ అభిరుచిని పిల్లల మీద రుద్దకూడదని, వాళ్లలోని సొంత శక్తి మేలుకునేదాకా ఓపిక పట్టాలని ఆమె వాదన.

ఒక్క విషయంలో మాత్రం ఖండితంగా ఉండేది. బొమ్మ అయ్యాక పేరు రాయాలి. ఎవరి బొమ్మ మీద వాళ్ల పేరు, సొంత చేతిరాతతో. కొన్నిటి మీద వయసు, ఉండే ఇంటి నంబరు కూడా కనిపిస్తాయి. ప్రతి మనిషినీ ట్రాన్స్‌పోర్టు నంబరుగా మార్చేసిన చోట అడిగిన పని ఇది. తర్వాత చరిత్రకారులకు ఆ పేర్లే దారి చూపించాయి. ఏ బొమ్మ ఎవరిదో, ఆ పిల్ల ఏమైందో వెతికి పట్టుకోగలిగారు.

1944 సెప్టెంబరు 28న పావెల్‌ను ఆష్‌విట్జ్ హత్యా శిబిరానికి పంపించారు. భర్త వెంటే వెళతానని ఫ్రీడల్ తనంతట తానుగా తర్వాతి రైలుకు పేరిచ్చింది. అక్టోబరు 6న ఎక్కింది. 9న ఆమెను చంపేశారు. వడ్రంగం తెలిసిన పావెల్ బతికి బయటపడ్డాడు. వెళ్లేముందు ఆమె పిల్లల బొమ్మలను రెండు సూట్‌కేసుల్లో పెట్టి బాలికల వసతి గృహంలో దాచిపెట్టింది. అక్కడి బాధ్యతలు చూసిన గ్రోగ్ వాటిని ప్రాగ్ చేర్చాడు.

ఆ బొమ్మల మీద ఉన్న పేర్లు సుమారు 660. వాళ్లలో దాదాపు 550 మందిని చంపేశారు.

ఇక్కడే నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. ఆర్ట్ థెరపీ కథల్లో చివర ఎవరో ఒకరు కోలుకోవాలి, నవ్వుతూ ఫొటో దిగాలి. ఇక్కడ టీచరే మిగల్లేదు, క్లాసూ మిగల్లేదు. మరి ఆ పాఠాలు ‘పనిచేశాయి’ అనవచ్చా? బతికిన కొద్దిమంది మాటే దీనికి సాక్ష్యం. ఆమె శిష్యురాలు ఎర్నా ఫర్మన్ తర్వాత అమెరికాలో పేరున్న పిల్లల మనోవిశ్లేషకురాలైంది. తన జీవితంలోని తీపి జ్ఞాపకాల్లో ఫ్రీడల్ పాఠాలూ ఉన్నాయని ఆమె రాసింది. టెరెజిన్ గురించి చెబుతూ తీపి జ్ఞాపకం అనడమే గొప్ప విషయం. చావును ఆ పాఠాలు ఆపలేదు. ఆ గంటసేపు ఆ పిల్ల ఖైదీగా కాక బొమ్మ వేసే పిల్లగా ఉంది. నా దృష్టిలో ఆర్ట్ థెరపీ ఇవ్వగలిగిన హామీ ఇంతే. ఇది తక్కువేమీ కాదు, ఇంతకు మించి అమ్మేవాళ్లను మాత్రం నమ్మనక్కర్లేదు.

చరిత్ర రెండు ముక్కల్లో. ‘ఆర్ట్ థెరపీ’ అన్న మాటను 1942లో వాడుకలోకి తెచ్చింది ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు. 1938లో క్షయతో ససెక్స్‌లోని ఒక శానటోరియంలో మంచం పట్టినప్పుడు బొమ్మలు వేసుకుంటూ, పక్క మంచాల వాళ్ల చేత కూడా వేయించాడు. ఎడ్వర్డ్ ఆడమ్సన్ 1946 నుంచి నెదర్న్ మానసిక వైద్యశాలలో రోగులకు స్టూడియో నడిపాడు. న్యూయార్క్‌లో మార్గరెట్ నామ్‌బర్గ్ బొమ్మను మనసు లోతుల్లోకి తలుపుగా తీసుకుని, దాని గురించి రోగితో మాట్లాడించింది. 1969లో అమెరికాలో ఆర్ట్ థెరపిస్టుల సంఘం ఏర్పడింది.

ఫ్రీడల్ దారి ఆమెతోనే మూసుకుపోలేదు. వియన్నాలో ఆమె దగ్గర బొమ్మలు నేర్చుకుని, ప్రాగ్‌లో శరణార్థి పిల్లల క్లాసుల్లో ఆమెకు సాయం చేసిన ఈడిత్ క్రామర్ 1938లో న్యూయార్క్ చేరింది. 1950 నుంచి అక్కడి విల్ట్‌విక్ బడిలో పనిచేసింది. ఇళ్లలో నలిగిపోయి, వీధుల్లో తగాదాలు పడి వచ్చిన మగపిల్లల బడి అది. ఆ అనుభవంతో 1958లో పుస్తకం రాసింది. నామ్‌బర్గ్‌తో ఆమెకు పొసగని సంగతి ఒక్కటే. బొమ్మ గురించిన మాటల కన్నా బొమ్మ వేసే పనిలోనే సగం వైద్యం ఉందని క్రామర్ పట్టు.

ఆమె చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చింది ‘మూడో చెయ్యి’. ఒక కుర్రాడు మట్టితో గుర్రం చేస్తున్నాడనుకోండి. ఒళ్లు బరువై కాళ్లు కుంగిపోతున్నాయి. ఇంకో నిమిషమైతే వాడు దాన్ని గోడకేసి కొడతాడు. థెరపిస్టు గుర్రాన్ని లాక్కుని సరిచేసి ఇవ్వకూడదు. అలాగని చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోకూడదు. పొట్ట కింద ఒక మట్టి ముద్ద ఆసరాగా పెట్టి, ఆరాక తీసేయవచ్చని చెప్పాలి. గుర్రం వాడిదిగానే ఉండాలి, వాడి చేతిలోనే నిలబడాలి. అదే ఆ మూడో చెయ్యి. ఇది చేయాలంటే థెరపిస్టుకు మనసు గురించి ఎంత తెలియాలో, మట్టి గురించీ అంతే తెలియాలి.

నేటి శిక్షణలోనూ సామగ్రి ఎంపికకు పెద్దపీట వేస్తారు. పెన్సిలు, క్రేయాను గీసేవాడి అదుపులో ఉంటాయి. నీళ్ల రంగు దాని ఇష్టం వచ్చినట్టు పారుతుంది. అసలే అదుపు తప్పిపోతున్నానని భయపడేవాళ్లకు మొదటి రోజే నీళ్ల రంగులు ఇవ్వరు. బిగుసుకుపోయి ఒక్క గీత కూడా పడనివాళ్లకు మెల్లగా అటువైపు దారి చూపిస్తారు. ఘోరం చూసినవాళ్లకు దాన్ని మాటల్లో వరసగా చెప్పడం చాలాసార్లు చేతకాదు. కాగితం మీద పెడితే అది కాస్త దూరంగా ఉంటుంది. చూడవచ్చు, తిరగేసి పెట్టవచ్చు, వచ్చేవారం మళ్లీ తీయవచ్చు.

పిల్ల నల్లరంగు వేసింది కాబట్టి దిగులుగా ఉంది, చేతులు గీయలేదు కాబట్టి ఏదో దాస్తోంది... వాట్సాప్‌లో తిరిగే ఈ జోస్యాలను మాత్రం పక్కన పెట్టండి. ఒక్క బొమ్మ చూసి మనసు చదివేయడానికి గట్టి శాస్త్రాధారం లేదు. ఆ పూట డబ్బాలో నల్ల క్రేయాను ఒక్కటే మిగిలిందేమో!

బాక్స్: లెక్కలు ఏమంటున్నాయి?

2016లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజ కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్లకు మట్టి, మార్కర్లు, కొలాజ్ కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు వదిలేసింది. సుమారు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. బొమ్మలు వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ తేడా కనిపించలేదు. ప్రకటనల్లో దీన్నే తెగ వాడతారు. పోల్చి చూడటానికి బొమ్మలు వేయని బృందం అందులో లేదన్న సంగతి మాత్రం చెప్పరు.

అవతలి పక్కన బ్రిటన్‌లో జరిగిన మాటిస్ అధ్యయనం ఉంది. స్కిజోఫ్రీనియా ఉన్న 417 మందిని మూడు బృందాలు చేశారు. ఒక బృందానికి మామూలు వైద్యంతో పాటు వారానికోసారి సామూహిక ఆర్ట్ థెరపీ, ఏడాది పాటు. రెండేళ్ల తర్వాత చూస్తే మిగతా బృందాలతో పోల్చితే చెప్పుకోదగ్గ మెరుగుదల లేదు. చాలామంది క్లాసులకు సరిగ్గా రాలేదన్నది థెరపిస్టుల జవాబు. 2012లో ఫలితాలు వచ్చాక అక్కడ పెద్ద చర్చే నడిచింది. మరోవైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలను వడగట్టి, ఆరోగ్యానికి కళలు మేలు చేస్తాయనే చెప్పింది. కాకపోతే ఆ లెక్కలో పాట, ఆట, నాటకం అన్నీ ఉన్నాయి.

బాక్స్: వెళ్లాలనుకుంటే...

బ్రిటన్‌లో రిజిస్టర్ కాకుండా ఆర్ట్ థెరపిస్టునని చెప్పుకోవడం నేరం. మన దేశంలో ఆ స్థాయి పట్టింపు ఇంకా రాలేదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన చట్టం జాబితాలో ఆర్ట్, డాన్స్ థెరపిస్టుల ప్రస్తావన అయితే ఉంది. అందుకని ఫీజు కట్టేముందు మొహమాటపడకుండా అడగండి. ఎక్కడ చదివారు, ఎవరి పర్యవేక్షణలో ఎన్నాళ్లు పనిచేశారు, వేసిన బొమ్మలు ఎవరి దగ్గర ఉంటాయి, వాటిని ఇంకెవరికైనా చూపిస్తారా? మందులు మానేయమని ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మనసు మరీ బాగాలేనప్పుడు బొమ్మల కన్నా ముందు డాక్టరు. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.