యోగా క్లాసులో తొలిరోజు

పట్నాల్లో యిప్పుడు బజారు వీధి మేడలమీద కూడా యోగా క్లాసుల బోర్డులు కనిపిస్తున్నాయి. "ముందు ఒక్కరోజు వచ్చి చూడండి" అని పిలుస్తారు. వెళ్దామని యిల్లాలు అంటే, "ఈ వయసులో నీకెందుకే యీ సర్కసు?" అంటారు శ్రీవారు. తాను మాత్రం కింద పడిన కళ్లజోడు తీయటానికి పిల్లవాణ్ణి కేకవేస్తారు!

వయసు మాటకు ఇంద్రాదేవి కథే సమాధానం. 1899లో రీగా నగరంలో పుట్టిన యీ వనిత, మైసూరు మహారాజు ప్రాపున యోగశాల నడుపుతున్న తిరుమలై కృష్ణమాచార్యులవారి వద్ద చేరబోతే ఆయన మొదట కాదన్నారు. మహారాజు చెప్పిన మీదట ఒప్పుకున్నారు. అప్పటి కామెకు నలభై యేళ్లు కావస్తున్నవి. 1947లో అమెరికా చేరి, తరువాత హాలీవుడ్‌లో యోగా స్టూడియో పెట్టింది. గ్లోరియా స్వాన్సన్ వంటి తారలు ఆమె శిష్యులయ్యారు. నిండు నూరేళ్లూ దాటి, 2002లో కన్నుమూసింది.

కాబట్టి నిస్సంకోచంగా వెళ్లండి. అయితే భోజనమైన మూడు నాలుగు గంటలకు గాని వెళ్లకండి. బిగువులేని నూలుబట్టలు చాలును. రక్తపుపోటు, కంటిలో నీటికాసులు, హెర్నియా, వెన్నునొప్పి, గర్భం, యిటీవలి ఆపరేషన్ - వీటిలో యేది వున్నా ముందుగా డాక్టరు నడగాలి. పాఠం మొదలు కాకముందే గురువుగారి చెవిన వేయాలి. సిగ్గుపడి దాచితే నష్టం మనకే. ఇటువంటివారికి శీర్షాసనం ప్రమాదం. యెవరికేమున్నదో కనుక్కోకుండా అందరినీ తలకిందులు చేసే చోటికి రెండోరోజు వెళ్లనక్కరలేదు.

ముందుకు వంగమన్నప్పుడు పక్క చాపమీది కాలేజీ పిల్ల నుదురు మోకాళ్లకు తగులుతుంది. మన చేతివేళ్లు మోకాళ్ల దగ్గరే ఆగిపోతాయి. ఆగనివ్వండి! ఊపిరే కొలత. శ్వాస సాఫీగా ఆడినంతవరకే వంగాలి. రొప్పు వచ్చిందంటే హద్దు దాటినట్లే. కండరం కాస్త లాగినట్లుంటే ఫరవాలేదు. కీలులో చురుక్కుమంటే వెంటనే మానెయ్యాలి.

చివర శవాసనం వేయిస్తారు. వెల్లకిల పడుకొని వొళ్లంతా వదిలెయ్యడమే. ఇది అలసట తీరుస్తుందని హఠయోగ ప్రదీపిక చెపుతున్నది. పొయ్యిమీద పాలు, పిల్లల పరీక్షలు, చాకలిపద్దు అన్నీ సరిగ్గా అప్పుడే గుర్తుకు వస్తాయి. రానివ్వండి, మీరు మాత్రం లేవకండి. "అమ్మా!" అని యెవరూ పిలవని పది నిమిషాలు యిల్లాలికి దొరకటం మాటలా?