మీకు తెలుసా? కామాటిపుర గాలాలో కరెంటు లోడు

కామాటిపుర అన్నది పనివాళ్ల పేరు. తెలంగాణ పల్లెల నుంచి వెళ్లి బొంబాయిలో రాళ్లు మోసిన, ఇళ్లు కట్టిన కామాటీల వల్లే ఆ పేటకు ఆ పేరు వచ్చింది. అలాంటి పేటల్లో చాల్ (వరుస గదుల మేడ) కింది అంతస్తులో గది దొరికితే అందులోనే ఇల్లు, అందులోనే పని. పనిచోటును ముంబైలో గాలా అంటారు. అందులోకి కొత్త మిషను దింపేటప్పుడు ధర, వారంటీ అన్నీ అడుగుతాం. గోడలో ఉన్న పాత వైరు దాన్ని మోస్తుందా అని మాత్రం అడగం.

వైరులో కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. ఫ్యూజు పదేపదే పోతోందని లావు తీగ చుట్టడం ప్రమాదం అనేది ఇందుకే. ఫ్యూజు ఊరుకుంటుంది, గోడలోని వైరు కాలుతుంది. కొయ్య దూలాల మీద నిలిచిన పాత చాల్‌లో ఆ నిప్పు ఒక్క గదితో ఆగదు. పైన నిద్రపోతున్న కుటుంబాలను తలచుకుంటే చాలు, ఆ లావు తీగ జోలికి ఎవరూ పోకూడదు.

మిషను ఆన్ చేయగానే బల్బు ఒక్క క్షణం మసకబారడం చూసే ఉంటారు. 2 హార్స్‌పవర్ సింగిల్ ఫేజు మోటారు తిరిగేటప్పుడు లాగేది దాదాపు 10 ఆంపియర్లు. కదలడం మొదలెట్టే క్షణంలో మాత్రం అయిదారు రెట్లు లాగుతుంది. ఫ్యూజుకు బదులు ఇళ్లలో వాడే బి రకం ఎంసీబీ, తన మీది ఆంపియర్ల అంకెకు 3 నుంచి 5 రెట్ల కరెంటు వస్తే వెంటనే పడిపోతుంది. సి రకం 5 నుంచి 10 రెట్ల దాకా ఓర్చుకుంటుంది. మోటారు పెట్టగానే ఎంసీబీ పడుతోందంటే మోటారు పాడైందని తేల్చేయకండి, ముందు ఎంసీబీ మీది అక్షరం చూడండి. అక్షరం మార్చవచ్చు. ఆంపియర్ల అంకెను మాత్రం వైరు మార్చకుండా పెంచకూడదు.

త్రీ ఫేజు తీసుకుంటే అదే పని మూడు వైర్లు పంచుకుంటాయి. 3 కిలోవాట్ల హీటరు సింగిల్ ఫేజులో 13 ఆంపియర్లు లాగితే, త్రీ ఫేజులో ఒక్కో వైరు మీద పడేది నాలుగున్నర లోపే. ఒక్క జాగ్రత్త: మూడింటిలో ఏ రెండు వైర్లు తారుమారైనా మోటారు వెనక్కి తిరుగుతుంది. మోటారుకు రంపం లాంటిది బిగించకముందే ఒకసారి తిప్పి చూడాలి.

ముంబై ద్వీప నగరానికి కరెంటు ఇచ్చేది, ఎర్ర బస్సులు నడిపేది ఒకే సంస్థ, బెస్ట్. 1905లో పెట్టిన ఈ కంపెనీ 1907 మే 7న కరెంటు ట్రాము నడిపింది. 1947 ఆగస్టులో అది మునిసిపాలిటీ చేతికొచ్చింది. ట్రాములు 1964లో ఆగిపోయాయి, బస్సులు, కరెంటు పని మిగిలాయి. గాలాకు లోడు పెంచుకోవాలంటే లైసెన్సున్న కాంట్రాక్టరు చేత వైరింగు పరీక్ష చేయించి ఆ సంస్థకే దరఖాస్తు పెట్టాలి. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెండింతల రేటు కట్టాల్సి వస్తుంది.

మూడు పిన్నుల ప్లగ్గులో ఒక పిన్ను ఎందుకు పొడవు? ఎర్తు అన్నిటికన్నా ముందు తగలాలని, అన్నిటికన్నా చివర వదలాలని. దానికి తోడు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, ఆ కాస్త కరెంటు దారి తప్పి ఒంట్లోకి పారబోయినా రెప్పపాటులో సరఫరా తెగిపోతుంది. కామాటిపుర ఒకప్పటి పల్లపు నేల. వానాకాలంలో గడప తడిసే గాలాలో మిషను కన్నా ముందు కొనాల్సింది ఈ ఆర్‌సీసీబీనే. సాకెట్లు నడుము ఎత్తున పెట్టించండి. గోడలోని ఎర్తు వైరు నిజంగా నేలదాకా వెళ్లిందో, సగంలోనే తెగి ఉందో మీటరు పెట్టి చూపించమనండి.