అత్యవసర విభాగంలో మొదటి ప్రశ్నలు

రియాద్‌లోనో, దమ్మాంలోనో ఒక పెద్ద ఆసుపత్రి. కడుపునొప్పితో వచ్చిన యువకుడు గంటసేపటినుండి అత్యవసర విభాగంలో వేచి ఉన్నాడు. తరువాత వచ్చిన వృద్ధుణ్ణి మాత్రం నేరుగా లోపలికి తీసుకొనిపోయారు. యువకుని వెంట వచ్చినవారికి అది అన్యాయంగా తోచడం సహజమే. కాని అక్కడి వరుసను నిర్ణయించేది వచ్చిన వేళ కాదు, ప్రాణాపాయం.

ఈ వర్గీకరణకు ‘ట్రయాజ్’ అని పేరు. ఏరి వేరుచేయడమని అర్థమిచ్చే ఫ్రెంచి పదమిది. సౌదీ అరేబియాలోని పలు ఆసుపత్రులు కెనడాలో రూపొందిన ఐదంచెల కొలమానాన్ని అనుసరిస్తున్నాయి. మొదటి అంచెవారికి తక్షణమే, తక్కినవారికి వరుసగా 15, 30, 60, 120 నిమిషాలలోపు వైద్యపరీక్ష జరగాలన్నది దాని లక్ష్యం. వేచి ఉండగా రోగి పరిస్థితి విషమిస్తే అంచె కూడా మారుతుంది. కనుక ఆ మార్పును వెంటనే నర్సుకు తెలపాలి.

ఈ నిర్ణయాలకు ఆధారం రోగి, వెంట వచ్చినవారు చెప్పే సమాధానాలే. పక్షవాతాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడినపుడు ఇచ్చే ఔషధం, రక్తంలో సహజంగా ఉండే ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్ అనే ఎంజైముగా మారుస్తుంది. గడ్డను పట్టి ఉంచే ఫైబ్రిన్ పోగులను ఆ ఎంజైము తునకలు చేస్తుంది. సాధారణంగా ఈ మందును నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. ఆలస్యమైనకొద్దీ మేలు తగ్గి, మెదడులో రక్తస్రావమయ్యే ముప్పు పెరుగుతుంది. అందుకే “చివరిసారి మామూలుగా ఎప్పుడున్నాడు?” అని వైద్యులు గుచ్చి గుచ్చి అడుగుతారు. మాట పడిపోయిన కార్మికుని తరఫున దీనికి జవాబు చెప్పగలిగినవాడు క్యాంపులో అతని పక్క మంచంవాడే. తెలియకపోతే తెలియదనే చెప్పాలి. ఊహించి చెప్పిన “ఇప్పుడే” అన్న మాట ఔషధాన్నే అపాయకరం చేయవచ్చు.

జ్వరం, దగ్గు గురించిన ప్రశ్నలు ఇతరుల రక్షణకు కూడా అవసరం. 2012లో జెద్దాలోని ఒక రోగిలో మెర్స్ వైరస్‌ను తొలిసారి గుర్తించారు. 2015 వేసవిలో రియాద్‌లోని కింగ్ అబ్దులజీజ్ మెడికల్ సిటీలో, కిక్కిరిసిన అత్యవసర విభాగంనుండి ఆ వ్యాధి వ్యాపించింది. అనుమానిత కేసులతో కలిపి 130 మంది దాని బారినపడగా, వారిలో 43 మంది ఆసుపత్రి సిబ్బందే. 51 మంది మరణించారు. వ్యాప్తిని అరికట్టడానికి ఆ విభాగాన్నే మూసివేయవలసి వచ్చింది.

ఇటువంటి ఆపద వచ్చినపుడు రెడ్ క్రెసెంట్ అంబులెన్సుకు 997 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇకామాతోపాటు రోగి వాడుతున్న మందులన్నింటినీ, స్వదేశంనుండి తెచ్చుకున్న నాటుమందులతో సహా, తీసుకొని వెళ్లాలి. పడని మందుల పేర్లు ముందే ఒక కాగితంపై ఆంగ్లంలో వ్రాసి ఉంచుకోవాలి. అరబ్బీ గాని, ఆంగ్లం గాని తెలియని తోటివాని వెంట ఆ భాష వచ్చినవారొకరు వెళ్లడం మర్యాదకోసం చేసే పని కాదు. అది చికిత్సలో ఒక భాగం.